ఊరి తోట: వేళలు, కట్టుబాటులు



ఏ పట్టణమున కేగినను ప్రజల తోట వాకిట ఒక పలక కనబడును. దానిపై రెండు సంగతులు వ్రాయబడి యుండును. తలుపు తెఱచు వేళయు మూయు వేళయు ఒకటి. లోపల చేయరాని పనుల పట్టిక రెండవది. పూవులు కోయరాదు, పచ్చికపై నడువరాదు, కుక్కలను తేరాదు. ఈ పలకను నిలిచి చదువువారు అరుదు. నేను చదువుదును. పిల్లలకు పాఠములు చెప్పి చెప్పి, గోడమీది వ్రాతను చదువక ముందునకు పోజాలని అలవాటు నాకు పట్టుబడినది. ఆ పలకవలన తోటను గూర్చి తెలియునది కొంచెమే. ఆ తోట వేసినవారు "ప్రజ" యని యెవరిని తలచిరో, అది మాత్రము చక్కగా తెలియును. నేటి ప్రసంగమున ఆ పలకల చరిత్రను కొంత విన్నవింతును.

మన వాఙ్మయమున తోటమాలి మొఱ యొకటి సుందరకాండమున నున్నది. సీత జాడ తెలిసికొని మరలివచ్చు వానరులు దారిలో మధువనమును జొచ్చిరి. అది సుగ్రీవుని తోట. అందు సామాన్య వానరునకు ప్రవేశము లేదు. దానిని కాచువాడు దధిముఖుడు, సుగ్రీవునకు మేనమామ. అంగదుని యనుమతి చూచుకొని వానరులు తేనె త్రాగి, కొమ్మలు విఱిచి, అడ్డము వచ్చిన కావలివారిని కొట్టి యీడ్చిరి. దధిముఖుడు పరుగుపరుగున ప్రభువు కడకు పోయి మొఱపెట్టుకొనెను. సుగ్రీవుడు కోపింపలేదు. పని నెఱవేరనిదే వీరింత సాహసింపరు, సీత కనబడియే యుండును, అని గ్రహించి సంతోషించెను. దధిముఖుని మొఱ అంతటితో ముగిసెను. పురాణము చెప్పువారు ఈ ఘట్టమున సుగ్రీవుని బుద్ధిసూక్ష్మతను మెచ్చుకొందురు. నాకు మాత్రము దెబ్బలు తిన్న కావలివానిపై జాలి కలుగును. కట్టుబాటు ప్రభువుది, దానిని నిలుపబోయి దెబ్బలు తిన్నది కావలివాడు, దయ చూపి పేరు తెచ్చుకొన్నది మరల ప్రభువే. నేటి తోటల వాకిట కఱ్ఱ పట్టుకొని కూర్చుండు కాపలాదారుని స్థితియు ఇంతకు భిన్నము కాదు.

కావ్యములలోని మాట ఇట్లుండగా, శాస్త్రములోని మాట యేమి? కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము పేరు మాత్రమే వినబడిన గ్రంథము. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున 1905లో దాని తాళపత్రప్రతి ఆర్. శామశాస్త్రిగారి చేతికి వచ్చెను. 1909లో వారు దానిని అచ్చు వేయించిరి. మౌర్య చంద్రగుప్తునికి మంత్రిగా చెప్పబడు కౌటిల్యుని పేర నున్న ఆ గ్రంథమున తోటలను గూర్చి చెప్పిన మాటలు నేటి మునిసిపల్ నిబంధనలతో పోల్చి చూడదగినవి.

మొదటి వింత యేమనగా, ఆయన పల్లెలలో ప్రజల తోటలు ఉండనే కూడదనెను. కొత్తగా జనులను నిలిపి గ్రామములు కట్టించు పద్ధతిని చెప్పుచు, అచ్చట విహారమునకై ఆరామములు గాని శాలలు గాని కట్టరాదని శాసించెను. నటులు, నర్తకులు, గాయకులు, కథకులు పల్లెవాండ్ర పనికి విఘ్నము కలిగింపరాదట. కారణము కూడ దాపఱికము లేక చెప్పెను. పల్లెవాండ్రకు పొలము తప్ప వేఱు దిక్కు లేదు. వారు చేనిలోనే యుండిరేని బొక్కసము నిండును, వెట్టి కూడును, ధాన్యము పెరుగును. రైతునకు నీడ చూపినచో నీడన కూర్చుండునని రాజునకు భయము. అదే రాజునకు మాత్రము, చుట్టును అగడ్త త్రవ్వి ఒకే ద్వారము విడిచి, పండ్ల చెట్లును పొదలును గల మృగవనము నొకదానిని కల్పింపవలెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. విహారము చెడ్డదని కౌటిల్యుని మతము కాదు. అది యెవరికి తగునో వారికే తగునని మతము.

నగరములలో తోటలు ఉండవచ్చును. వాటికి కట్టుబాటు కలదు, జుల్మానాయు కలదు. పూచి కాచి నీడనిచ్చు పురోపవన వృక్షముల చిగురు త్రుంచినవానికి 6 పణములు, చిన్న కొమ్మ విఱిచినవానికి 12, పెద్ద కొమ్మకు 24, మ్రాను నఱకినచో పూర్వసాహసదండము, వేళ్లతో పెల్లగించినచో మధ్యమసాహసదండము. పూర్వసాహసమన 48 మొదలు 96 పణముల వఱకు. మధ్యమమన 200 మొదలు 500 వఱకు. సరిహద్దు చెట్టునకును, దేవతావృక్షమునకును, రాజవనములోని చెట్టునకును అపరాధము రెట్టింపు. ఈ లెక్కను బట్టి చూచినచో అశోకవనమును పాడుచేసిన హనుమంతుడు ఎన్ని పణములు చెల్లింపవలసి యుండెనో, మా బడిలో నేనొక తరగతికి లెక్కగా ఇచ్చి యుందును, ఎవరును ముగింపలేదు. పరిహాసము మాట యటుంచి, ఈ పట్టికలో ఒక న్యాయము కలదు. చిగురునకును మ్రానునకును ఒకే జుల్మానా విధించు నేటి కొన్ని పలకలకంటె ఇది మేలు. పిల్లవాడు తెంపిన రెమ్మయు గుత్తేదారు నఱకిన వృక్షమును ఒక్కటి కావు.

ఇక వేళల మాట. తోటకే వేళ యని అర్థశాస్త్రము చెప్పదు, నగరమంతటికిని చెప్పును. ప్రొద్దుక్రుంకిన పిదప 6 నాళికలు కడచిన వెంటనే తూర్యము మ్రోగును. నాళిక యన నేటి 24 నిమిషములు. అప్పటినుండి మరల సూర్యోదయమునకు 6 నాళికలు మిగులు వఱకు వీధులలో తిరుగరాదు. రాజగృహము చేరువ తిరిగినవానికి మొదటి జామునను కడపటి జామునను పణమును పాతికయు దండము, నడిరేయి రెట్టింపు. నన్నాకర్షించినది దండముకంటె, దండము లేనివారి జాబితా. మంత్రసాని, వైద్యుడు, శవమును మోయువారు, దీపము చేత పట్టినవాడు, నగరాధికారి పిలుపున పోవువాడు, ప్రదర్శనము చూచి వచ్చువాడు, అగ్నిప్రమాదమునకు పరుగిడువాడు, ముద్ర గలవాడు, వీరిని పట్టరాదు. ప్రసవమునకు వేళ లేదు, చావునకు వేళ లేదు, అని యెఱిగి చేసిన కట్టుబాటు అది. నాటకము చూచి వచ్చువానిని కూడ విడిచిరనుట గమనింపదగినది. పల్లెలో నటుని అడ్డగించిన శాస్త్రమే పట్టణమున నాటకము చూచినవానిని విడిచిపెట్టినది.

మహాకావ్యమునకు చెప్పిన అష్టాదశ వర్ణనలలో ఉద్యానవిహార మొకటి. మన ప్రబంధములలో తోట లేని గ్రంథము వెదకినను దొరకదు. కాని ఆ తోటలలో నడచువారు నాయికలు, చెలికత్తెలు, రాజకుమారులు. తోటకు నీరు పట్టువాని పేరు ఏ కవియు వ్రాయలేదు. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

అందఱికిని తెఱచిన తోట, అనగా రాజు దయచేతగాక ప్రజల హక్కుగా తెఱచిన తోట, ప్రపంచమున పందొమ్మిదవ శతాబ్దపు పంట. అంతకు ముందు 1637లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెసు హైడ్ పార్కును జనులకు తెఱచెను. 1766లో వియన్నాలోని ప్రాటర్ వేటవనమును రెండవ జోసెఫు చక్రవర్తి తెఱచెను. ఇవి రాజుల దానములు. యంత్రశాలలు పెరిగి, పొగ కమ్మిన పట్టణములలో కూలివాండ్రు కిక్కిరిసిన పిమ్మట తోట అవసరమైనది. డెర్బీ పట్టణమున జోసెఫ్ స్ట్రట్ అను నూలు మిల్లుల వర్తకుడు 1840లో ఒక వృక్షవాటికను పట్టణమునకు దానమిచ్చెను. స్థలమిచ్చెను, చెట్లు నాటించెను. నిర్వహణకు మూలధనము మాత్రము ఇయ్యలేదు. కాబట్టి వారమున 2 దినములు, ఆదివారమును బుధవారమును, ఉచితము. తక్కిన 5 దినములు రుసుము. ఆదివారము నాడు చర్చి ప్రార్థనవేళ తోట మూయబడును. కూలివానికి సెలవు ఆదివారమే. ఆ సెలవులోనుండియు చర్చి తన పాలు తీసికొన్నది. 42 సంవత్సరముల పిదప, 1882లో, అన్ని దినములును ఉచితమయ్యెను. పట్టణ ప్రజల ధనముతోనే వేసిన బర్కెన్‌హెడ్ పార్కు 1847లో తెఱవబడెను. దానిని 1850లో చూచి వెళ్లిన ఓంస్టెడ్ అను అమెరికనుడే తరువాత న్యూయార్కులోని సెంట్రల్ పార్కును తీర్చినవారిలో ముఖ్యుడు.

ఆ గాలి మన దక్షిణదేశమునకు త్వరలోనే వీచెను. చెన్నపట్టణమునకు 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ సెంట్రల్ స్టేషను ప్రక్క పీపుల్స్ పార్కును తలపెట్టెను. పేరులోనే ప్రజలున్నారు. ఎడ్వర్డ్ బాల్ఫర్ మ్యూజియమున పెంచిన మృగములను 1861లో అచ్చటికి తరలించిరి. మన తెలుగువారు చెన్నపురికి పోయిన ప్రతివారును "పార్కు" అన్నచో ఈ తోటయే. ఏటేట డిసెంబరు నెలలో అచ్చట జరుగు సంతలో 1886లో నిప్పంటుకొని వందలాది జనులు మరణించిరి. అట్టి విపత్తును సహించిన తోట కట్టడములకు మాత్రము తట్టుకొనలేకపోయెను. 1900లో మూర్ మార్కెట్టు, 1913లో నగరపాలకుల రిప్పన్ భవనము, తరువాత నెహ్రూ క్రీడాప్రాంగణము, ఒక్కొక్కటిగా ఆ నేలమీదనే లేచినవి. 1985లో మృగములును వండలూరునకు పోయినవి. తోటను మ్రింగినది గొడ్డలి కాదు. ప్రతి మాఱును ఏదో యొక ప్రజాప్రయోజనమే. అందువలననే ఎవరును అడ్డు చెప్పలేకపోయిరి. పూవు కోసినవానికి జుల్మానా వేయు పలక, ఎకరములు కోసినవానిని ఏమియు అనలేదు.

హైదరాబాదున నిజాముల తోట బాగ్-ఎ-ఆమ్. ఆమ్ అనగా సామాన్య జనులు. మామిడికిని ఉరుదూలో ఆమ్ అనియే చెవికి వినబడును గనుక, మా ప్రాంతమునుండి పోయిన పెద్దలు అచ్చట మామిడిచెట్లు వెదకుట కలదని పరిహాసము చెప్పుకొందురు. ఆ రెండు మాటల వర్ణక్రమము వేఱు. ఈ తోటలోను కట్టడములు లేచినవి: 1913లో పూర్తియైన టౌన్‌హాలు, 1924లో మసీదు, తరువాత మ్యూజియము, మీర్ ఉస్మాన్ అలీఖాను రజతోత్సవ సందర్భమున జూబిలీ హాలు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను నలువదవ జన్మదినమునకై 1905లో మొదలుపెట్టిన ఆ టౌన్‌హాలే 1956 తరువాత ఆంధ్రప్రదేశ శాసనసభ యయ్యెను. తోటలోని మృగములకు 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల తెఱవబడినప్పుడు వేఱు నివాసము దొరకినది.

ఆ తోటకు "సామాన్య జనులది" యని పేరుండిన కాలముననే నిజాము రాజ్యమున గశ్తీ నిషాన్ 53 అను ఆజ్ఞ అమలున నుండెను. ముందుగా సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాదు. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిపిన పెద్దలు ఆ అనుమతికై పడిన పాట్లు చరిత్రమెఱిగినవారికి క్రొత్తవి కావు. సామాన్యుడు తోటలో నడువవచ్చును. పదుగురు కూడి మాటాడరాదు. అట్టి రాజ్యమున తోటపేరులోని ఆమ్ అను మాటకు ఎంత అర్థమున్నదో మీరే యోజింపుడు.

పలకలోని మాట యెంత దూరము పోగలదో తెలియుటకు ఒక విదేశపు తోటను చెప్పి తీరవలెను. చీనాదేశమున షాంఘైలో, పరదేశీయుల పరిపాలనకు లోబడిన భాగమున, హ్వాంగ్‌పూ నది యొడ్డున 1868లో పబ్లిక్ గార్డెన్ తెఱచిరి. 1917నాటి దాని నియమములు దొరకుచున్నవి. మొదటి నియమము: ఈ తోట పరదేశీయులకు మాత్రమే. రెండవది: ప్రతిదినము ఉదయము 6 గంటలకు తెఱచి నడిరేయి దాటిన అరగంటకు మూయుదురు. తరువాత గౌరవముగా దుస్తులు ధరింపనివారికి ప్రవేశము లేదనియు, కుక్కలును సైకిళ్లును రాకూడదనియు. జనుల నోట ఇది "కుక్కలకును చీనావారికిని ప్రవేశము లేదు" అను ఒక్క వాక్యముగా మాఱి ప్రపంచమంతయు తిరిగెను. ఆ రెండును వేఱు వేఱు నియమములనియు, ఒకే వాక్యమున లేవనియు పండితులు వాదింతురు. అక్షరమున వారి మాట నిజము. కాని ఒకే పలకపై మొదటి నియమముగా ఆ దేశపు బిడ్డను, నాలుగవదిగా కుక్కను నిలిపిన తరువాత, నడుమ నెన్ని పంక్తులున్న నేమి? తమ నేలపై తమ ధనముకూడ చేరిన తోటలో చీనావారు అడుగుపెట్టుట 1928లో గాని సాధ్యము కాలేదు.

దూరదేశపు కథ యని మనము నిట్టూర్చి ఊరకుండ వీలులేదు. మన దేశమున పలక వ్రాయ నవసరము లేకయే చెఱువులును బావులును కొందఱికి మూయబడి యుండెను. బొంబాయి శాసనమండలి 1923లో ప్రజాధనముతో నడచు చెఱువులు, బావులు, సత్రములు అస్పృశ్యులనబడువారికిని చెందునని తీర్మానించెను. తీర్మానము కాగితమున నుండగా, 1927లో డాక్టరు అంబేద్కరుగారు మహాడ్ పట్టణమున చౌదారు చెఱువు నీరు త్రాగి ఆ హక్కును చూపవలసి వచ్చెను. 1948 నవంబరు 29న రాజ్యాంగసభలో ఈ విషయము చర్చకు వచ్చినప్పుడు ప్రొఫెసర్ కె. టి. షా ఒక సవరణ తెచ్చెను. అందఱికిని ప్రవేశముండవలసిన స్థలములను ఆయన పేరుపేరున వ్రాసిన పట్టికలో పార్కులును తోటలును కూడ కలవు. ఆ సవరణ వీగిపోయెను. రాజ్యాంగపు 15వ అధికరణమున నేడున్నది పొడుగాటి పట్టిక కాదు: దుకాణములు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రోడ్లు, వాటితోపాటు ప్రభుత్వధనముతో నడచునవియు ప్రజలకై విడువబడినవియు నగు "జనులు కూడు స్థలములు". తోట ఆ కడపటి మాటలో ఇమిడి యున్నది. మతము, జాతి, కులము, లింగము, పుట్టినచోటు అను హేతువులచే అచ్చట ఎవరినిగాని ఆపరాదు. 1950 జనవరి 26 నుండి మన దేశమున ప్రతి తోట పలకకును పైన కనబడక నిలిచిన మొదటి పంక్తి ఇదియే.

తోట నేలను కాపాడుటయు న్యాయస్థానముల పని యైనది. బెంగుళూరులో ఉద్యానమునకై విడిచిన స్థలమును ఒక ప్రైవేటు వైద్యశాలకు కేటాయించుట చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వైద్యశాలయు మంచిదే కదా యన్న వాదమును వారు అంగీకరింపలేదు. చెన్నపురి తోటకు ఇట్టి తీర్పు వంద యేండ్లు ముందు దొరకి యుండవలసినది.

ఇటీవలి ముచ్చట యొకటి. హైదరాబాదు ఇందిరా పార్కు వాకిట 2021 ఆగస్టులో ఒక పలక వ్రేలాడెను: పెండ్లి కాని జంటలకు ప్రవేశము లేదని. జనులు ఆక్షేపింపగా నగరపాలకులు దానిని వెంటనే తొలగించి విచారము తెలిపిరి. నావంటి పాతకాలపువాడు ఆ పలకను మెచ్చుననుకొందురేమో. కొందఱు యువకుల నడవడి నాకు రుచింపని మాట నిజమే. అసభ్యముగా నడచువానిని శిక్షించుటకు వేఱు చట్టములు కలవు. అవి పెండ్లియైనవానికిని వర్తించును. కాని తోట వాకిట నిలిచి మెడలో మంగళసూత్రము చూచి లోనికి విడుచు ఉద్యోగమును ఏ ధర్మశాస్త్రమును కల్పింపలేదు. అన్నయు చెల్లెలును వచ్చిరేని ఏమి చూపవలెను? ఆ నియమము కణ్వాశ్రమమున నుండినచో దుష్యంతుడు ద్వారముననే నిలిచి యుండును, శాకుంతలము పుట్టి యుండదు, భరతుడును పుట్టి యుండడు.

ఇక మా పల్లెల సంగతి. కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలుదారిలో మా నెక్కొండ ఒక స్టేషను. 1889లో ఆ దారి బెజవాడ చేరిన నాటినుండియు మా ఊరివారు పట్టణములకు పోయి తోటలు చూచి వచ్చుచునే యున్నారు. ఊరిలో విహారమన చెఱువుకట్టయు, గుడి ముంగిటి రావిచెట్టును. కౌటిల్యుని నిషేధము మౌర్యులతో అంతరించినను, పల్లెకు తోట అక్కఱలేదను తలంపు మాత్రము రెండువేల యేండ్లు దాటి నిలిచినది. 2018నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమునను మొక్కల పెంపకమునకు నారుతోట ఉండవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెననియు సర్పంచులకును కార్యదర్శులకును బాధ్యత పెట్టెను. 2020 నుండి గ్రామగ్రామమునను పల్లె ప్రకృతి వనములు వెలసినవి. కొన్ని చక్కగా ఎదిగినవి. కొన్నిటిలో బోర్డు మాత్రము ఎదిగి నిలిచినది. మొక్కలకు నీరు పోయుటకు వేసవిలో ధనము చాలనిచోట అట్లే యగును. డెర్బీ తోటకు మూలధనము ఇయ్యని లోపమే ఇచ్చటను.

వీటి వేళలను గూర్చి నాదొక మనవి. పట్టణపు పలకను చూచి ఉదయము ఇంతకు తెఱచి సాయంకాలము ఇంతకు మూయుదుమని వ్రాయుట సులభము. మా ప్రాంతమున ప్రత్తి, మిరప, వరి పండును. ప్రత్తి ఏరబోవు స్త్రీ తెల్లవాఱినది మొదలు చేనిలో నుండి దీపము పెట్టు వేళకు ఇల్లు చేరును. సాయంకాలము 6 గంటలకు తాళము వేయు తోట ఆమె లెక్కలో లేనట్లే. అది ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన నావంటివారిది. ఒక దీపస్తంభమును, రాత్రి 9 గంటల వఱకు ఒక కాపలా మనిషియు నుండినచో ఈ కొఱత తీరును. ఖర్చు స్వల్పము.

మఱియొకటి, పూవులు కోయరాదను నియమము. బతుకమ్మ తొమ్మిది దినములును మా స్త్రీలకు పూవులు కావలెను. తంగేడు, గునుగు, గుమ్మడిపూవు. పూర్వము చేని గట్లపై తంగేడు విరివిగా నుండెడిది. గట్లు సన్నగిల్లి పొలములైన కొలది అది తగ్గి, నేడు సంతలో కొనవలసి వచ్చినది. తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పము. దానికి నీరు ఎక్కువ అక్కఱలేదు, పశువులు దానిని మేయవు. నూటికి 85 బ్రదికించు లెక్కకును అది సాయపడును. ప్రతి ప్రకృతి వనమునను కంచె పొడవున ఒక వరుస తంగేడు నాటి, "పెత్రమాస మొదలు సద్దుల బతుకమ్మ వఱకు తంగేడు పూవు కోసికొనవచ్చును" అని పలకపై ఒక పంక్తి చేర్చినచో, పంచాయతీవారికి నష్టము లేదు. కోసిన తంగేడు మరుసటి యేటికి మఱింత గుబురుగా పూయును.